పరుగు, బరువు, యంత్రము : కూపర్ ‘ఏరోబిక్స్’ గ్రంథ విమర్శ

నేడు మన పట్టణములలోని వ్యాయామశాలలలో సాధారణముగా మూడు భాగములుండును. ఒక ప్రక్క నడకకు, పరుగునకు ట్రెడ్‌మిల్లులు, కదలని సైకిళ్ళు. మరొక ప్రక్క ఇనుప బిళ్ళలు, బార్‌బెల్లులు, డంబెల్లులు. మధ్యను కప్పీలు, తీగలు, మెత్తని ఆసనములు గల యంత్రములు. క్రొత్తగా చేరిన యువకుడు “వీనిలో ఏది మంచిది?” అని అడిగినచో, ఎవరిని అడిగినాడో దానినిబట్టి సమాధానము మారును. పరుగెత్తువాడు గుండె మాట చెప్పును. బరువులెత్తువాడు కండ మాట చెప్పును. యంత్రములు కొని పెట్టిన యజమాని దెబ్బలు తగులవని చెప్పును. ముగ్గురి మాటల వెనుకను కొంత శాస్త్రము లేకపోలేదు. ఆ శాస్త్రములో సామాన్య జనుల లోనికి అన్నిటికంటె ఎక్కువగా చొచ్చుకొనిపోయినది 1968లో అమెరికాలో వెలువడిన ‘ఏరోబిక్స్’ అను గ్రంథము. ఉదయము పూట గడియారము చూచుకొనుచు నడచువారిలో ఆ పుస్తకము పేరు ఎరుగనివారే ఎక్కువ; అయినను వారికి ఆ అలవాటు చేసినవాటిలో అది ముఖ్యమైనది. కనుక ఈ ఎంపికను గూర్చి ఆలోచించువారు మొదట ఆ గ్రంథమును పరీక్షించుట మంచిది.

దీని కర్త కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళములో వైద్యుడుగా పని చేసినాడు. ఆమ్లజని సహాయముతో జీవించునది అను అర్థమున ‘ఏరోబిక్’ అను విశేషణము లూయీ పాశ్చర్ కాలమునుండి సూక్ష్మజీవ శాస్త్రములో ఉన్నదే. కూపర్ దానికి చివర ఒక అక్షరము చేర్చి ఒక వ్యాయామ పద్ధతికి పేరు పెట్టినాడు. మన భాషలో దేహదారుఢ్యమనగానే కండలు తిరిగిన శరీరము కన్నుల ముందు నిలుచును. కూపర్ ఆ భావమును తలక్రిందులు చేసినాడు. ఊపిరితిత్తులు గాలిలోని ఆమ్లజనిని రక్తమునకు ఇచ్చును. గుండె ఆ రక్తమును కండరములకు పంపును. కండరములు ఆ ఆమ్లజనితో ఆహార పదార్థములను దహించి శక్తిని పొందును. ఈ గొలుసు నిమిషమునకు గరిష్ఠముగా ఎంత ఆమ్లజనిని అందించి వినియోగింపగలదో అదియే దారుఢ్యమునకు కొలత అని ఆయన వాదము. బయటికి కనబడు కండకు ఆ లెక్కలో చోటు లేదు.

వాదము మాత్రమే అయినచో గ్రంథము ఇంత ప్రచారమును పొందియుండదు. ఆయన కొలతను మైదానములోనికి తెచ్చినాడు. ప్రయోగశాలలో ఈ గరిష్ఠ ఆమ్లజని వినియోగమును కొలువవలెనన్న, మనిషిని ట్రెడ్‌మిల్లుపై అలసిపోవు వరకు పరుగెత్తించి, విడిచిన గాలిని పట్టి విశ్లేషింపవలెను. కూపర్ వైమానిక దళమునకు చెందిన 115 మంది పురుషులను ఇట్లు పరీక్షించి, వారినే 12 నిమిషములపాటు మైదానములో పరుగెత్తించి, వారు పోయిన దూరమును కొలిచినాడు. ఆ రెండు కొలతల సహసంబంధ గుణకము సుమారు 0.90 వచ్చినది. ఈ ఫలితము 1968 జనవరిలో అమెరికా వైద్య సంఘపు పత్రికలో అచ్చయినది. దూరమును మీటర్లలో తీసికొని, దానినుండి 504.9 తీసివేసి, శేషమును 44.73తో భాగించినచో, శరీరపు బరువులో ఒక్కొక్క కిలోకు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల ఆమ్లజని వినియోగమగుచున్నదో ఉజ్జాయింపుగా తెలియును. 2,400 మీటర్లు పోయినవానికి ఈ విలువ 42.4. ఒక గడియారము, కొలిచిన బాట ఉన్నచో ఏ పల్లెటూరి పాఠశాలలోనైనను చేయదగిన పరీక్ష ఇది. ప్రయోగశాలలోని కొలతను ఇంత చౌకగా జనుల చేతికిచ్చిన శరీర శాస్త్రజ్ఞులు అరుదు.

పిమ్మట ఆయన మార్కుల పట్టికలు వేసినాడు. మైలు దూరమును 15 నుండి 20 నిమిషములలో నడచినవానికి 1 మార్కు, 10 నుండి 12 నిమిషములలో పోయినవానికి 3, 8 నిమిషముల లోపల పరుగెత్తినవానికి 5. వారమునకు 30 మార్కులు వచ్చినచో చాలును. ఈతకు, సైకిలునకు, స్థానములో పరుగునకు కూడ ఇట్టి పట్టికలే. పరీక్షలకు అలవాటుపడిన మనుష్య స్వభావమును ఆయన బాగుగా గ్రహించినాడు. బ్రెజిల్ దేశములో ఈ పద్ధతి 1970 ప్రపంచ ఫుట్‌బాల్ జట్టు శిక్షణలో ప్రవేశించి, క్రమముగా ఆ దేశపు భాషలో పరుగెత్తుటకు ‘కూపర్ చేయుట’ అను పలుకుబడి ఏర్పడినది. గ్రంథకర్త పేరు క్రియాపదముగా మారుట ఎంతమందికి దక్కును?

గ్రంథములోని మూల భావమునకు బలమైన సాక్ష్యము అప్పటికే కలదు. లండనులో జెరెమీ మారిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సులపై పని చేయువారిని పరిశీలించి 1953లో ప్రకటించిన ఫలితములు సుప్రసిద్ధములు. రోజంతయు కూర్చొని బస్సు నడపు డ్రైవర్లకంటె, మెట్లు ఎక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడినది. డ్రైవర్లు అసలే లావుపాటి వారై, అందువలననే కూర్చొను పనిని ఎన్నుకొనిరేమో అను శంక వచ్చినది. మారిస్ వెనుకకు తగ్గక, వారికి ఇచ్చిన యూనిఫారముల నడుము కొలతలను సేకరించి 1956లో మరొక వ్యాసము ప్రకటించినాడు. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయినను నడుము కొలత ఒకటే అయినవారిని పోల్చి చూచినను తేడా పూర్తిగా తొలగలేదు. తమ ఫలితముపై తామే శంక పడి దర్జీ లెక్కల వరకు పోయిన ఆ పట్టుదల వ్యాయామమును గూర్చి వ్రాయువారందరికి ఉన్నచో బాగుండును.

ఇక కూపర్ గ్రంథములోని లోపములు. ఆయన వ్యాయామములను నాలుగు తరగతులుగా విభజించినాడు: కదలకుండ బిగపట్టునవి, బరువులెత్తుట వంటి కదలికగలవి, ఊపిరి చాలనంత వేగముతో కొద్ది సేపు చేయునవి, ఆమ్లజనితో చాలసేపు సాగునవి. మొదటి మూడును దారుఢ్యమునకు పునాది కాజాలవని తీర్పు చెప్పి, నాలుగవ దానికి మాత్రమే పట్టము కట్టినాడు. 1968 నాటి పట్టికలలో బరువులెత్తువానికి ఒక్క మార్కు కూడ లేదు.

ఈ తీర్పు ఎంతవరకు న్యాయము? శ్రీకాకుళ ప్రాంతమున సంగిడి రాళ్ళెత్తు పందెములు పూర్వమునుండి ఉన్నవి. మల్లయోధుడు కోడి రామమూర్తి ఆ సీమవాడే. కరణం మల్లీశ్వరి కూడ ఆ జిల్లావాసియే; 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల విభాగమున, రెండు పద్ధతుల ఎత్తుటలో 110, 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము పొందినది. కూపర్ పట్టిక ప్రకారము ఆ 240 కిలోలకు వచ్చునది సున్న. ఒలింపిక్ క్రీడాకారిణికి సున్న వేయు పట్టికలో ఏదియో పొరపాటున్నదని విద్యార్థికైనను తోచును. ఆ పొరపాటు ఎక్కడ ఉన్నదో వెదకుట విజ్ఞాన దృష్టితో ఉపయోగకరము.

అది హారములో ఉన్నది. ఇద్దరు యువకులను ఊహించుకొందము. ఇద్దరి గుండెయు ఊపిరితిత్తులును సమానముగా పని చేయుచు, నిమిషమునకు 3 లీటర్ల ఆమ్లజనిని అందించుచున్నవి. ఒకని బరువు 60 కిలోలు, రెండవవాని బరువు 75 కిలోలు. ఆ అదనపు 15 కిలోలును కండయే అనుకొందము. కిలోకు లెక్కించినచో మొదటివానికి 50 మిల్లీలీటర్లు, రెండవవానికి 40 మాత్రమే. గుండెలో లోపమేమియు లేకున్నను రెండవవాడు తరగతిలో వెనుకబడినాడు. మైదానములో పరుగెత్తినను ఇదే జరుగును. తన బరువును తానే మోసికొని పోవలెను గదా. దూరపు పరుగులో గెలుచుటకు ఈ కొలత సరియైనదే. కాని బియ్యపు బస్తా ఎత్తుటకు, వృద్ధాప్యములో క్రింద కూర్చొని తిరిగి లేచుటకు, జారినపుడు పడకుండ నిలద్రొక్కుకొనుటకు కిలోకు ఎన్ని మిల్లీలీటర్లు అను ప్రశ్న ఎంతమాత్రము చాలదు. కొలబద్దలోనే పరుగు పక్షమున మొగ్గు ఉన్నపుడు పరుగు గెలుచుటలో వింత లేదు.

పైగా ఆ 115 మందియు సైన్యములో ఉన్న పురుషులు. వారినుండి తీసిన సూత్రమును స్త్రీలకు, వృద్ధులకు, ఎనిమిదవ తరగతి బాలురకు అట్లే వర్తింపజేయుట తగదు. 12 నిమిషముల పరుగులో శక్తితోపాటు పట్టుదల, వేగమును పంచుకొను నేర్పు కూడ కొలతలో కలిసిపోవును. మొదటి రెండు నిమిషములలో గుర్రమువలె ఉరికి తరువాత చతికిలబడు బాలుని గుండె బలహీనమని వ్రాసికొనుట అన్యాయము.

కూపర్‌కు ముందే బరువుల పక్షమున మంచి వైద్య శాస్త్రము ఉండుట ఇచట గమనింపదగినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున చికాగోలోని ఒక సైనిక వైద్యశాలలో థామస్ డిలోర్మ్ అను వైద్యుడు, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులచేత భారీ బరువులెత్తించినాడు. అప్పటి వాడుక ప్రకారము అట్టివారికి తేలిక కదలికలనే పెక్కుసార్లు చేయించెడివారు. డిలోర్మ్ బాల్యమున జబ్బుపడి, తాను బరువులెత్తియే కోలుకొన్నవాడు. ఆయన 1945లో ప్రకటించిన పద్ధతిలోని సారము ఒక్కటే: కండ బలపడిన కొలది బరువును క్రమముగా పెంచుచు పోవుట. 1948లో వాట్కిన్స్‌తో కలిసి దానిని సులభపరచి, పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ప్రమాణముగా తీసికొని, మొదట అందులో సగము, పిదప ముప్పాతిక, చివర పూర్తి బరువును పదేసిసార్లు ఎత్తించుట అను క్రమమును నిర్ణయించినాడు. నేటికిని వ్యాయామశాలలలో వినబడు ‘మూడు సెట్లు, పది సార్లు’ అను మంత్రమునకు మూలము ఇది.

యంత్రముల కథ వేరు. 1970లో ఆర్థర్ జోన్స్ అను అమెరికను ‘నాటిలస్’ పేరుతో యంత్రములను అమ్మసాగినాడు. అందులోని భౌతిక శాస్త్రము చక్కనిది. 10 కిలోల డంబెల్ చేత పట్టుకొన్నామనుకొందము. మోచేతినుండి దాని దూరము 30 సెంటీమీటర్లు. ముంజేయి నేలకు సమాంతరముగా ఉన్నపుడు మోచేతివద్ద బలభ్రామకము 10 × 9.8 × 0.3 = 29.4 న్యూటన్ మీటర్లు. ముంజేయి 45 డిగ్రీలు క్రిందికి వాలినపుడు 20.8. నిలువుగా వ్రేలాడినపుడు సున్న. అనగా బరువు మారకున్నను కండపై పడు భారము కోణమునుబట్టి మారుచునే ఉండును. జోన్స్ గుండ్రని కప్పీకి మారుగా, నాటిలస్ అను సముద్రజీవి గుల్లవలె వంపు తిరిగిన చక్రమును అమర్చినాడు. అది తిరిగినకొలది తీగకును ఇరుసుకును మధ్య దూరము మారి, కండ బలముగా ఉన్నచోట భారము హెచ్చి, బలహీనముగా ఉన్నచోట తగ్గును. తులాదండము పాఠము చెప్పు ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

కాని సిద్ధాంతము అందముగా ఉండుట వేరు, దానిని నిరూపించుట వేరు. జోన్స్ 1973 మే మాసమున కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయములో ఒక ప్రయోగము చేయించినాడు. కేసీ వయాటర్ అను దేహదారుఢ్య వీరుడు 28 దినములలో 14 సార్లు వ్యాయామము చేసి 63.21 పౌనుల కండ పెంచినాడని ప్రకటన వచ్చినది. కిలోలలో అది సుమారు 28.7, దినమునకు ఒక కిలో పైచిలుకు. ఈ అంకె ఎట్లు వచ్చినదో చూడవలెను. అతని బరువు 166.87 పౌనులనుండి 212.15కు, అనగా 45.28 పౌనులు పెరిగినది. అదే కాలములో క్రొవ్వు 17.93 పౌనులు తగ్గినదన్నారు. ఈ రెండును కూడగా 63.21. క్రొవ్వు కానిదంతయు కండయే అనుకొన్నపుడు మాత్రమే ఈ కూడిక చెల్లును. రక్తము, కండలలో నిలువ చేరిన పిండిపదార్థము, దానితో చేరు నీరు, కడుపులోని ఆహారము, అన్నియు కండ పద్దు క్రిందనే జమ పడినవి. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ యువకుడు 1971లోనే అమెరికా దేశపు దేహదారుఢ్య పోటీలో నెగ్గినవాడు. 1973 ఆరంభమున కర్మాగారములో ప్రమాదమునకు గురియై, చికిత్సలో ఇచ్చిన సూదిమందు వికటించి, చిక్కిపోయి యుండెను. పోయిన కండ తిరిగి వచ్చుట, లేని కండ క్రొత్తగా పెరుగుటకంటె చాల తేలిక. పోల్చి చూచుటకు సాధారణ బరువులతో అదే వ్యాయామము చేసిన వేరొక వర్గము ఆ ప్రయోగములో లేదు. కూపర్ కొలబద్ద పరుగువైపు మొగ్గినది. జోన్స్ కొలబద్ద తక్కెడవైపు మొగ్గినది. అయితే కూపర్ కొలతను ఎవరైనను తిరిగి చేసి సరిచూచుకొనవచ్చును, తప్పు పట్టవచ్చును. కొలరాడో అంకెను నమ్ముట తప్ప చేయగలిగినదేమియు లేదు. ఈ ఒక్క కారణముచేతనే కూపర్ గ్రంథమునకు విజ్ఞాన సాహిత్యములో స్థానమున్నది, జోన్స్ ప్రకటనకు వ్యాపార చరిత్రలో స్థానమున్నది.

మరి యంత్రము మేలా, విడి బరువు మేలా? దీనికి చాల ప్రయోగములే జరిగినవి. 2023లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష ప్రకారము, యంత్రముపై శ్రమించినవారు యంత్రముపై పరీక్షించినపుడు, విడి బరువులెత్తినవారు వాటితోనే పరీక్షించినపుడు ఎక్కువ బలము చూపిరి. కండ పెరుగుదలలో రెంటికిని చెప్పుకోదగిన తేడా లేదు. అనగా వాదము చాలవరకు డబ్బుకు, వసతికి సంబంధించినది. తూలిపడు అవకాశమున్న వృద్ధునికి, కీలు దెబ్బతిన్నవానికి ఆసనముగల యంత్రము అక్కరకు వచ్చును. తక్కినవారు ఇనుప బిళ్ళలతోనో, అవియు లేనిచో దండీలు, బస్కీలతోనో పని గడుపుకొనవచ్చును.

అసలు ప్రశ్న పరుగునకును బరువునకును మధ్యనే మిగులును. రెండును కలిపి చేసినచో ఒకటి రెండవదానిని చెరచునని 1980లో రాబర్ట్ హిక్సన్ ప్రయోగము చూపిన మాట నిజమే. అయితే ఆయన వారమునకు 5 దినములు బరువులు, 6 దినములు పరుగు, సైకిలు చేయించినాడు. బలము తగ్గుట కూడ ఏడెనిమిది వారముల తరువాతనే కనబడినది. అంత శ్రమ చేయు సామాన్యుడెవడు?

సామాన్యునికి సంబంధించిన ప్రశ్నకు సరియైన పరీక్ష మధుమేహ రోగులతో జరిగినది. 2023లో ప్రకటితమైన అఖిల భారత సర్వే మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నదని అంచనా వేసినందున ఇది మనకు పరాయి సంగతి కాదు. భోజనానంతరము రక్తములో చేరు చక్కెరను అత్యధికముగా పీల్చుకొను అవయవము కండరమే. 2007లో కెనడాలో ప్రకటింపబడిన ప్రయోగములో పరుగు, బరువు విడివిడిగా చేసినవారికంటె, రెండును చేసినవారికి చక్కెర మరింత అదుపులోనికి వచ్చినది. కాని వారు రెండింటిని పూర్తిగా చేసిరి గనుక వ్యాయామము చేసిన కాలమే హెచ్చు. లాభము కలయిక వలననా, హెచ్చు కాలము వలననా? ఈ ఆక్షేపణ సమంజసమైనది. 2010లో లూసియానా రాష్ట్రమున జరిగిన పరిశోధనలో 262 మందిని తీసికొని, అన్ని వర్గములకును వ్యాయామ కాలము సుమారు సమానముగా ఉండునట్లు 9 నెలలు చేయించిరి. మూడు నెలల చక్కెర సగటును తెలుపు రక్త పరీక్షలో, వ్యాయామము చేయనివారితో పోల్చినపుడు నిశ్చయమైన తగ్గుదల కనబడినది రెండును కలిపి చేసిన వర్గములోనే. ఆ బరువులు యంత్రములపై ఎత్తించినవే, ఆ నడక ట్రెడ్‌మిల్లుపైనిదే. పక్షములవారు పోట్లాడుకొను మూడు పరికరములును ఒకే గదిలో సఖ్యముగా పని చేసినవి.

బరువునకు సున్న వేసిన 1968 నాటి పట్టికకు గట్టి ఖండనము మరొక వైపునుండి కూడ వచ్చినది. 1990లో మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు బోస్టనులోని వృద్ధాశ్రమములో 90 ఏండ్ల ప్రాయపువారు పదిమందిచేత 8 వారములు కాళ్ళతో బరువులెత్తించినారు. తుది వరకు చేసినవారి కాళ్ళ బలము సగటున 174 శాతము పెరిగినది. తొడ మధ్యభాగమున కండ 9 శాతము పెరిగినది. వీరిలో ఒక్కరును 12 నిమిషముల పరుగునకు రాగలవారు కారు. కొందరు ముందుగా కుర్చీలోనుండి లేవవలెను గదా. కూపర్ కూడ తన తరువాతి రచనలలో, వయస్సు మీరినకొలది బరువుల వ్యాయామమునకు పాలు పెంచవలెనని అంగీకరించుట ఆయన గౌరవమును పెంచినదే గాని తగ్గించలేదు.

పాఠశాలల విషయములో ఒక అపోహ ఇంకను తొలగలేదు. బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురని తల్లిదండ్రులు భయపడుదురు. తగిన పర్యవేక్షణతో, పద్ధతి నేర్చి, తేలిక బరువులతో మొదలు పెట్టినచో ఎదుగుదల ఆగునని చూపు సాక్ష్యము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో 5 నుండి 17 ఏండ్లవారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన శ్రమతోపాటు, వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు పనులు ఉండవలెనన్నారు. పెద్దవారికి వారమునకు 150 నుండి 300 నిమిషముల నడక వంటి మధ్యతరహా శ్రమ, రెండు దినములకు తగ్గకుండ కండల వ్యాయామము. ఇందులో ‘లేదా’ అను మాట నడకకును పరుగునకును మధ్యనే వాడిరి. నడకకును కండకును మధ్య ఉన్నది ‘మరియు’.

కూపర్ పరీక్షను మన ఉన్నత పాఠశాలలలో నిస్సంకోచముగా వాడవచ్చును. ఎండాకాలపు మధ్యాహ్నము మాత్రము పనికిరాదు, గుండె, ఉబ్బసపు బాధలున్న పిల్లలను ముందుగా వైద్యునికి చూపవలెను. వ్యాయామోపాధ్యాయుడు ఒక నోటుపుస్తకము తీసికొని, ప్రతి విద్యార్థికి మొదటి గడిలో 12 నిమిషముల దూరమును, రెండవ గడిలో ఆగకుండ తీసిన దండీల సంఖ్యను వ్రాసికొని, మూడు నెలలకొకసారి ఆ బాలుని పాత అంకెలతోనే పోల్చి చూడవచ్చును. రెండు గడులను కూడి మొత్తము మార్కులు వేయరాదు. మీటర్లకు దండీలు కలుపరాదని గణితోపాధ్యాయుడును సాక్ష్యము చెప్పును.